ప్రశ్న ఉత్పన్నం కాదు

మా మేనల్లుడు బ్యాంకు ఇంటర్వ్యూకి తయారవుతున్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే నోట్సు చంకన పెట్టుకుని వచ్చి, "మామయ్యా, తెలియని ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. కోచింగ్ సెంటర్లో ఏం చెప్పారురా అన్నాను. తెలియకపోతే తెలియదని మర్యాదగా ఒప్పుకోమన్నారట.

నాకు ఒళ్లు మండింది. వేలకు వేలు ఫీజు గుంజి నేర్పేది ఇదా? కరోనా రెండేళ్లూ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న కుర్రాడికి, తెలియని ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకా రాలేదంటే తప్పు వాడిది కాదు. అంత గొప్ప విద్యను కళ్లారా చూసి కూడా ఒకచోట రాసిపెట్టని మాబోటి వాళ్లది. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ఆపద ముంచుకొచ్చినప్పుడు నాయకుడు ముందుగా చేయాల్సింది దాన్ని చిన్నది చేయడం. నిజంగా చిన్నది చేయాలంటే డాక్టర్లు కావాలి, మంచాలు కావాలి, డబ్బు కావాలి. మాటల్లో చిన్నది చేయడానికి ఒక గోళీ చాలు. 2020 మార్చిలో కేసీఆర్ గారు తెలంగాణ అసెంబ్లీలో పారాసిటమాల్ పేరు చెప్పారు. వారం తిరిగిందో లేదో, స్థానిక ఎన్నికలు వాయిదా పడ్డాయన్న కోపం మీదున్న జగన్మోహన్ రెడ్డి గారు అదే గోళీ పేరు చెప్పి, పక్కన బ్లీచింగ్ పౌడర్ కూడా చేర్చారు. రాష్ట్రం విడిపోయి అప్పటికి ఆరేళ్లు కావస్తోంది. కృష్ణా నీళ్ల మీద, ఆస్తుల పంపకం మీద, ఉద్యోగుల బదలాయింపు మీద కుదరని ఏకాభిప్రాయం పారాసిటమాల్ మీద కుదిరింది. దానికైనా సంతోషించాలి కదా? మనం మీమ్స్ చేసుకున్నాం. కృతజ్ఞత లేని జాతి.

ఆ గోళీ గతి తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి. నెల తిరిగేసరికి, జ్వరం బిళ్లలు కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలని మెడికల్ షాపులకు ఆదేశాలొచ్చాయి. మా సందు చివరి షాపతను కౌంటరు మీద రిజిస్టరు తెరిచి, "పేరు చెప్పండన్నా" అని తలెత్తకుండా అడిగాడు. మార్చిలో మందు, ఏప్రిల్‌లో ముద్దాయి. ఇంత తొందరగా హోదా మారిన బిళ్ల వైద్య చరిత్రలో మరొకటి ఉండకపోవచ్చు.

నిజం మాట్లాడుకుంటే, ఆ రోజుల్లో కేసీఆర్ గారి ప్రెస్ మీట్ అంటే మా ఇంట్లో సీరియల్ కట్టేసి మరీ కూర్చునేవాళ్లం. ఆయన మాట్లాడితే భయం పోయేది. మాట వినకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు తేవాల్సొస్తుందని హెచ్చరించినా మా అమ్మ, "ఇంట్ల పెద్దమనిషి తిట్టినట్టు తిట్టిండు" అని మురిసిపోయింది. తిక్క ప్రశ్న వేసిన విలేకరికి అక్కడే తలంటు. కేసులు పదుల్లో ఉన్న కాలమది.

కేసులు వేలల్లోకి వెళ్లాక మాత్రం మౌనం మొదలైంది. ఈ విద్యలో అది రెండో మెట్టు, సామాన్యులకు అందదు. చినుకులు పడేటప్పుడు గొడుగు పట్టుకుని, వాన దంచుతుంటే మడిచి చంకలో పెట్టుకోవడానికి ఎంత నిగ్రహం కావాలి! 2020 జులై మొదట్లో రోజుకు వెయ్యికి పైగా కేసులు వస్తుంటే ముఖ్యమంత్రి గారు జనానికి కనబడలేదు. ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో ఉన్నారన్నారు. కేసీఆర్ ఎక్కడ అని సోషల్ మీడియా మోత మోగింది. ఒక యువకుడైతే మా సీఎం ఎక్కడున్నారో తెలుసుకోవడం నా హక్కు అంటూ ప్రగతి భవన్ గేటు ముందే ప్లకార్డు పట్టుకుని, బండెక్కి తుర్రుమన్నాడు. సరిగ్గా ఆ వారమే పాత సచివాలయం కూల్చివేత మొదలైంది. ముఖ్యమంత్రి ఎక్కడున్నారో తెలియకపోయినా సచివాలయం ఎక్కడ ఉండబోదో జనానికి స్పష్టంగా తెలిసింది. సమాచారం ఇవ్వలేదని ఎలా అంటాం?

ఆయన మాట్లాడకపోయినా బులెటిన్ మాట్లాడేది. పరీక్షలెన్ని, కేసులెన్ని, పోయినవాళ్లెందరు అన్నీ అందులో ఉండేవి. పోయినవాళ్లను మళ్లీ శాతాల్లో విడదీసేవారు: కోవిడ్ వల్ల ఇంత, ముందే ఉన్న జబ్బుల వల్ల ఇంత. షుగరూ బీపీ లేని ఇల్లు తెలుగునాట ఎక్కడుందని అడగకూడదు. వివరాలు సరిగ్గా ఇవ్వడం లేదని హైకోర్టు మళ్లీ మళ్లీ గద్దించింది. గద్దించినప్పుడల్లా బులెటిన్‌లో కొత్త పట్టిక చేరేది. పరీక్ష రాయడం రాని కుర్రాడు అడిషనల్ షీట్లు తీసుకున్నట్టు.

ఆ పట్టికలతో నాకు ముఖాముఖి పరిచయం 2021లో, సెకండ్ వేవ్ అప్పుడు అయింది. మా బావగారికి ఆక్సిజన్ పడిపోతోంది. అక్క ఒక ఫోన్, నేనొక ఫోన్. నా ముందు తెరిచి పెట్టుకున్న వెబ్‌సైట్‌లో ఏ ఆస్పత్రిలో ఎన్ని ఖాళీలో వరుసగా కనబడుతున్నాయి. పచ్చటి అంకెలు చూసి ప్రాణం లేచొచ్చింది. ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ కొట్టాను.

"బెడ్ ఉందా అమ్మా?"

"లేదు సార్."

"వెబ్‌సైట్‌లో మీ దగ్గర పద్నాలుగు ఖాళీ అని ఉందమ్మా."

"అవి వెబ్‌సైట్‌లో ఖాళీగా ఉన్నాయి సార్."

ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయి ఉంది. పొద్దుట్నుంచి ఎంతమందికి చెప్పిందో అదే మాట. వెటకారం కాదు, ఉన్న సంగతి చెప్పింది. ఆ రెండేళ్లలో నేను విన్న అతి సూటి జవాబు అదే.

చివరికి మంచం దొరికింది, ఏ బులెటిన్ వల్లా కాదు. మా కాలనీలో ఆర్టీసీ కంట్రోలర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. అందరికీ కంట్రోలర్ సాబే. డిపోలో బస్సుల టైములు రాసిన చేత్తోనే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఆస్పత్రుల పేర్లు, వార్డు బాయ్‌ల నంబర్లు, సిలిండర్ నింపేవాళ్ల నంబర్లు, చివరన శ్మశానం దగ్గరి కాటికాపరి నంబరు కూడా గళ్లు కొట్టి రాసుకున్నాడు. రోజుకు మూడుసార్లు అందరికీ ఫోన్ చేసి పెన్సిల్‌తో అంకెలు మార్చేవాడు. ఎవరు అడిగినా ఒకటే తీరు: "ఇప్పుడైతే లేదు బిడ్డా. ఆరు గంటలకు మల్ల చెయ్యి." తెలియకపోతే "తెల్వదు." ఆరింటికి చేస్తే ఎత్తేవాడు. అంత తిట్టుకునే రోజుల్లో కూడా ఆయన్ని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. ఇదేం చిత్రం సాబ్ అంటే, "బస్సు లేటైతే తిట్టరు సారూ, లేటని చెప్పకపోతే తిడతరు" అన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు మరి. పాపం, ఆయనకు రాజకీయాల్లో భవిష్యత్తు లేదు.

ఆ మే నెల 6న ముఖ్యమంత్రి గారు లాక్‌డౌన్ పెట్టేది లేదన్నారు. 11న పెడుతున్నామన్నారు, 12న పెట్టేశారు. అభిప్రాయం మార్చుకోవడం పాపమేమీ కాదు. మధ్యలో ఏం మారిందో చెబుతారని చూశాం. చెప్పలేదు. ఉన్న ఆ కాస్త సమయంలో జనం వైన్ షాపుల ముందు బారులు తీరి తమకు చేతనైనంత ప్రణాళిక వేసుకున్నారు.

ఇక్కడి వాళ్లంతా ఎంత తిప్పలు పడ్డా జిల్లా స్థాయి ఆటగాళ్లే. జాతీయ స్థాయి ఆట చూడాలంటే ఢిల్లీ పోవాలి. ఎనిమిదింటికి టీవీలో చెప్పి అర్ధరాత్రి నుంచి దేశం మొత్తం మూసేసిన 2020 మార్చి 24 గుర్తుంది కదా. ఆ తర్వాత వలస కూలీలు మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ హైవే పట్టుకుని నడిచారు. నెత్తిన మూట, చంకన పిల్ల, ఎండ. రోడ్డు పక్కన మజ్జిగ ప్యాకెట్లు పంచినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. దారిలో ఎంతమంది పోయారో లెక్క ఉందా అని ఆ సెప్టెంబరులో లోక్‌సభలో అడిగారు. కార్మిక శాఖ జవాబు: అలాంటి లెక్కలు ఉంచలేదు. మరి నష్టపరిహారం సంగతి? లెక్కే లేదు కాబట్టి ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఈ మాట మన శాసనసభ ప్రశ్నోత్తరాల్లో పాతదే. (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. కాలువ తవ్వారా అంటే లేదండి, నీళ్లెప్పుడు వస్తాయి అంటే ప్రశ్న ఉత్పన్నం కాదు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడు అమాయకుడు, ఏదో ఒక జవాబు చెప్పి దొరికిపోయాడు. చెట్టెక్కినవాళ్ల లెక్కలు ఉంచడం లేదని అనుంటే పంచాయితీ పెట్టే పెద్దమనిషే కండువా దులుపుకుని పోయేవాడు.

మరుసటి ఏడాది జులైలో రాజ్యసభలో దీన్ని మించింది వచ్చింది. ఆక్సిజన్ అందక ఎందరు పోయారని అడిగితే, ఆక్సిజన్ కొరత వల్లే చనిపోయినట్టు రాష్ట్రాలు ‘ప్రత్యేకంగా’ నివేదించలేదని ఆరోగ్య శాఖ రాతపూర్వకంగా చెప్పింది. వ్యాకరణం తెలిసినవాళ్లు ఆ ‘ప్రత్యేకంగా’ దగ్గర ఒక్క క్షణం ఆగి దండం పెట్టాలి. వాక్యం మొత్తాన్ని ఒంటి చేత్తో మోస్తోంది. చావలేదని అనలేదు. చచ్చారనీ అనలేదు. రాష్ట్రాలు చెప్పలేదన్నారు. రాష్ట్రాలను అడిగితే, మా దగ్గర ఆ కాలమ్ లేదన్నాయి. సిలిండర్ కోసం తెల్లవార్లూ క్యూలో నిలబడినవాడు ఆ కాలమ్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

చిత్రమేమంటే, ఆ కాలమ్ తర్వాత దొరికింది. సుప్రీంకోర్టు ఒత్తిడి మీద చనిపోయినవాళ్ల కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వాలని 2021 చివర్లో తేలింది. అప్పటికి తెలంగాణ అధికారిక లెక్కలో మరణాలు 4,000 లోపే. 2022 జనవరి నాటికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 29,000. అబద్ధపు దరఖాస్తులని కొట్టిపారేద్దామా అంటే, అందులో 15,000 పైచిలుకు కుటుంబాలకు అప్పటికే డబ్బు ఇచ్చింది కూడా ప్రభుత్వమే. అంటే, లెక్కలో లేనివాళ్లకు ఖజానాలో చోటుంది. పాజిటివ్ వచ్చాక ముప్పై రోజుల్లోపు పోతే కోవిడ్ మరణమే అని నిర్వచనం మార్చారు కాబట్టి పెరిగాయని అధికారులు వివరించారు. సబబైన వివరణే. నిర్వచనాన్ని బట్టి బతికి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు ఈ దేశంలో.

అక్క కూడా దరఖాస్తు పెట్టింది. ఆన్‌లైన్ సెంటర్ కుర్రాడు ఆస్పత్రి ఇచ్చిన కాగితం చూసి, "ఇందులో గుండె ఆగడం వల్ల అని ఉంది కదా మేడమ్" అన్నాడు. తర్వాత తనే, "అందరికీ చివరికి ఆగేది అదేలెండి" అని, టెస్టు రిపోర్టు కూడా స్కాన్ చేసి పంపాడు. కొన్ని నెలలకు అక్క ఫోన్‌కు డబ్బు జమ అయినట్టు మెసేజ్ వచ్చింది. దాన్ని ఆమె ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

ఇదంతా మేనల్లుడికి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ముందు ఆపదను చిన్నది చెయ్యి, తర్వాత కనబడకు, గట్టిగా అడిగితే లెక్కలు లేవను, ఇంకా అడిగితే ప్రశ్న ఉత్పన్నం కాదను. వాడు నోట్సులో ఒక్క ముక్క రాసుకోలేదు. మా ఆవిడ పెట్టిన చాయ్ కప్పును రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"అది కాదు మామయ్యా," అన్నాడు కాసేపాగి. "ఇంటర్వ్యూలో మొదట ఫ్యామిలీ గురించి అడుగుతారంట. నాన్న ఏం చేసేవారు, ఎలా పోయారు అని. కాగితం మీదున్నది చెప్పాలా, జరిగింది చెప్పాలా?"

"చాయ్ చల్లారిపోతోందిరా," అన్నాను. "తాగు ముందు."