మైనరైతే మూడేళ్లేనా?

"పద్దెనిమిది నిండకపోతే మర్డర్ చేసినా మూడేళ్లే. నిర్భయ కేసు మైనర్‌ని వదిలేశారు. పుణె కుర్రాడితో వ్యాసం రాయించి పంపేశారు. మైనర్లకీ కనీస శిక్ష పెట్టి పెద్దల జైల్లో వెయ్యాలి." ఏ ఘోరం జరిగినా ఫోన్లలో తిరిగే మెసేజ్ ఇది. కోపం సరే, సమాచారమే పాతబడింది.

ముందు మూడేళ్ల సంగతి. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నిండినవాడు ఘోర నేరం చేస్తే, అంటే పెద్దలకైతే కనీసం ఏడేళ్లు పడే నేరం చేస్తే, పెద్దవాడిలాగే విచారించవచ్చు. కాకపోతే ముందు జువెనైల్ బోర్డు అంచనా వేయాలి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుని చూసేది ఇదీ: ఆ పని చేసే సత్తా వాడికి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు. 2022 జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో హైదరాబాద్ బోర్డు ఐదుగురు మైనర్లలో నలుగురిని పెద్దలుగా విచారించమంది. ఒకరి విషయంలో ఆ ఉత్తర్వును తర్వాత హైకోర్టు కొట్టేసింది. ఇలాంటి కేసులో శిక్ష పడితే 21 వచ్చేదాకా విడిగా ఉంచుతారు. అప్పటికీ మారలేదని కోర్టుకి అనిపిస్తే మిగతా కాలం మామూలు జైల్లోనే. ఉరి, విడుదలకు దారిలేని యావజ్జీవం మాత్రం వెయ్యకూడదు.

నిర్భయ కేసు 2012 నాటిది. అప్పటి చట్టంలో గరిష్ఠమే మూడేళ్లు. ఆ మైనర్ 2015 డిసెంబర్ 20న బయటికొచ్చాడు, 22న రాజ్యసభ కొత్త బిల్లు పాస్ చేసింది. పాత నేరానికి కొత్త శిక్ష వెయ్యడం రాజ్యాంగమే ఒప్పుకోదు.

ఇక 2024లో పుణెలో ఒక మైనర్ కారుతో గుద్ది ఇద్దరి ప్రాణాలు తీసిన కేసు. అక్కడ వ్యాసం శిక్ష కాదు, బెయిల్ షరతు. ఆ షరతు నాకూ వెటకారంగానే తోచింది. మూడు రోజులకే బోర్డు దాన్ని మార్చి కుర్రాణ్ణి అబ్జర్వేషన్ హోంకి పంపింది, నెల తర్వాత బాంబే హైకోర్టు విడిపించింది. అక్కడ పెట్టిన 304 సెక్షన్‌కి (హత్య కిందికి రాని ప్రాణహరణం) యావజ్జీవం దాకా ఉంది గానీ కనీస శిక్ష లేదు. అలాంటివి ఘోర నేరాల లెక్కలోకి రావని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది.

ఇక అసలు డిమాండ్, కనీస శిక్ష. అది తగిలేది మెసేజ్ రాసినవాళ్లు ఊహించుకున్న రాక్షసులకే కాదు. పదిహేడేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి ఇంట్లోంచి వెళ్లిపోతారు, అమ్మాయి తండ్రి కేసు పెడతాడు. ఆ వయసులో ఆమె ఇష్టానికి చట్టంలో విలువ లేదు కాబట్టి, ఇద్దరి మధ్య శారీరక సంబంధం ఉంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పడుతుంది. ఆ సెక్షన్‌లో పెద్దలకు కనీసం పదేళ్లు, అమ్మాయికి 16 లోపైతే ఇరవై. ఇప్పుడు బోర్డు ఆ అబ్బాయి పరిస్థితి చూసి మైనర్‌గానే ఉంచగలదు. మెసేజ్ అడిగినట్టు చేస్తే ఆ పదేళ్లలో ఒక్కరోజు తగ్గించే అధికారం కూడా ఎవరికీ ఉండదు.