విరాళం అడగాల్సింది ఎవరు?

పాఠశాలకు విరాళాలు సేకరించడం తమ పని కాదనుకునే ప్రధానోపాధ్యాయులు చాలామంది ఉన్నారు. చేయి చాచడం గురుస్థానానికి తగదన్న సంకోచం కొంత, బోధనకూ పర్యవేక్షణకే సమయం చాలడం లేదన్న నిజమైన ఇబ్బంది కొంత ఇందుకు కారణం. ఆ ఇబ్బందిని మేము కాదనడం లేదు. అయినా దాత ఎదుట బడి అవసరాన్ని వివరించే బాధ్యతను పాలకమండలికో, నిధుల సేకరణకు నియమించుకున్న ఉద్యోగికో పూర్తిగా వదిలేయడం సరికాదు. ఏ తరగతి పిల్లలు చదవడంలో వెనకబడ్డారో, ప్రయోగశాల లేక ఏ పాఠం నల్లబల్ల మీది బొమ్మతోనే ముగిసిపోతోందో రోజూ చూస్తూ చెప్పగలిగేది ప్రధానోపాధ్యాయులే. ఉత్తరాలు, రసీదుల పని ఎవరైనా చేయవచ్చు. పెద్ద మొత్తం అడిగే చోట మాత్రం వారు ఉండి తీరాలి.

అడగడం కన్నా కష్టమైనది, ఒక్కోసారి వద్దనడం. కంటికి కనిపించే భవనానికి, తమవారి పేరుతో వెలిసే శిలాఫలకానికి దాతలు ముందుకొచ్చినంత సులువుగా దాని మరమ్మతులకూ కరెంటు బిల్లుకూ రారు. కంప్యూటర్లు వచ్చాక నేర్పేవారు లేక గదికి తాళం పడితే తప్పు దాతది కాదు, ముందే చెప్పని బడిది. ఒక పనికని ఇచ్చిన సొమ్మును దాత సమ్మతి లేకుండా మరో పనికి మళ్లించడం తగదు కనుక, ఈ మాట విరాళం పుచ్చుకోకముందే జరగాలి. అసలును కదపకుండా దాని మీది రాబడిని వాడుకునే శాశ్వత నిధి విషయంలోనూ అంతే: అసలు మొత్తం తరిగిపోకుండా చూసుకునే సంస్థలు సాధారణంగా ఏటా నిధి విలువలో 4 నుంచి 5 శాతమే ఖర్చు చేస్తాయి. అంటే ఆ నిధికి ఎంత పెద్ద విరాళం వచ్చినా ఏడాదికి చేతికొచ్చేది మహా అయితే ఇరవయ్యో వంతే.

ప్రవేశాలు, మార్కులు, నియామకాల జోలికి దాతను రానివ్వకూడదు. ఇచ్చినవారి బిడ్డకు ఒక న్యాయం, ఇవ్వలేనివారి బిడ్డకు మరో న్యాయం జరిగితే తరగతి గదిలో అందరికన్నా ముందు గమనించేది పిల్లలే. సొమ్ము నేరుగా సంస్థ ఖాతాకే చేరాలి, లెక్క వేరొకరు రాయాలి. అది ప్రధానోపాధ్యాయుల పేరునూ కాపాడుతుంది. ఇక ప్రభుత్వ బడుల్లో జీతాలు, తాగునీరు, మరుగుదొడ్లు ప్రభుత్వ బాధ్యతే. వాటిని దాతల దయకు వదిలేయడాన్ని మేము అంగీకరించం.

విరాళం అందాక చాలా బడులు కృతజ్ఞతా సభతో సరిపెడతాయి. సొమ్ము ఎలా ఖర్చయిందో, అనుకున్నది ఎక్కడ జరగలేదో ఏడాదికొకసారి ప్రధానోపాధ్యాయులే దాతకు రాయాలి. ఇంత పని మీద వేసేటప్పుడు వారి కార్యాలయ భారంలో కొంత తగ్గించి, దాతలను కలవడానికి నెలలో కొన్ని రోజులైనా కేటాయించే ఏర్పాటు పాలకమండళ్లు ఈ విద్యా సంవత్సరమే చేయాలి.