గోల్కొండలో రత్నం

(ఆదివారం పొద్దున, గోల్కొండ కోట. తెనాలి నుంచి కొడుకు ఇంటికి వచ్చిన వెంకట్రావు, రత్నం ఊరు చూడటానికి బయల్దేరారు. కొడుకూ కోడలూ తెలివిగా ఇంట్లోనే ఉండిపోయారు.)

వెంకట్రావు: నువ్వు ఈ గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టు. నేను కొండెక్కి వింటాను. ఆ రోజుల్లో పైవాళ్లకి ఇలాగే కబురు వెళ్లేదట.

రత్నం: పక్కగదిలోంచి అరిస్తేనే వినపడదు మీకు. కొండమీద చప్పట్లు వినిపిస్తాయా?

వెంకట్రావు: కట్టడంలోని గొప్పతనమే అది!

రత్నం: అయితే తప్పు మన ఇల్లు కట్టిన మేస్త్రీది అన్నమాట.

(సగం మెట్లకే ఇద్దరికీ ఆయాసం. రామదాసు బందిఖానా దగ్గర కూలబడ్డారు.)

వెంకట్రావు: ఈ కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా 12 ఏళ్లు ఇక్కడ పెట్టించాడు.

రత్నం: గుడి ఒక్కటేనా? సీతమ్మవారికి చింతాకు పతకం కూడా చేయించాడు.

వెంకట్రావు: అందుకే జైలు.

రత్నం: మీరు దర్జాగా బయట తిరుగుతున్నారంటేనే తెలుస్తోంది, ఇంట్లో ఆడమనిషికి ఏం చేయించారో!

వెంకట్రావు: (గబగబా మాట మార్చి) గోల్కొండ వజ్రాలంటే లోకమంతా పడిచచ్చేది, తెలుసా? కోహినూరు కూడా ఆ బాపతే అంటారు.

రత్నం: తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో. కొల్లూరు ఎక్కడుంది? మా పల్నాట్లో! ఇక్కడ కూర్చుని అమ్ముకున్నవాళ్లకి పేరొచ్చింది. లెక్కప్రకారం కోహినూరు మా పుట్టింటిది.

వెంకట్రావు: మరి అల్లుడికి రాగి ఉంగరం పెట్టారేం మీ నాన్న?

రత్నం: అల్లుణ్ణి చూసే పెట్టారు.

(మధ్యాహ్నం, పాతబస్తీలో ఒక హోటల్.)

వెంకట్రావు: పచ్చి మాంసానికే మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ చేస్తారు. కచ్చి బిర్యానీ అంటే అదీ!

రత్నం: చెప్పడం బాగానే చెప్తారు. కుక్కరు మూడు కూతలు కూస్తే స్టవ్ కట్టేయడం మాత్రం రాదు. (మిర్చీ కా సాలన్ రుచి చూసి) ఇదేంటండీ, మిరపకాయల కూరన్నారు, కారమేదీ? పల్లీలు, నువ్వులు, చింతపండు పోసి ముంచేశారు పాపం!

వెంకట్రావు: మీ వైపు వాళ్లు తప్ప దేశమంతా దీన్ని కారమనే తింటోంది.

రత్నం: బాబూ, గోంగూర పచ్చడేమైనా ఉందా?

వెంకట్రావు: పరువు తీయకే!

(సర్వరు నవ్వి, ఇంకో గిన్నెడు పెరుగు చట్నీ పెట్టి వెళ్లాడు. ఖుబానీ కా మీఠా వచ్చాక మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కాపురంలో అలాంటి ఘడియలు అరుదు.)

(సాయంత్రం, చార్మినార్.)

వెంకట్రావు: 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ఆ పైఅంతస్తులో మసీదు ఉంది. నాలుగు మినార్లూ చూశావా... రత్నం? ఏమేవ్ రత్నం!

(రత్నం అప్పటికే లాడ్ బజార్లో ఉంది. వేడి లక్కని సాగదీసి గాజుగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే అతుకుతున్న కుర్రాడి ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.)

వెంకట్రావు: ఒక సెట్టు చాలుగా?

రత్నం: పచ్చచీరకి ఇది. మిగతా చీరలు నన్ను తిట్టుకోవూ?

వెంకట్రావు: ముందు చార్మినార్ ఎక్కొద్దాం పద, మూసేస్తారు.

రత్నం: మీరు ఎక్కి రండి. 149 మెట్లట, గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు. జేబులో ఆ పర్సు బరువెందుకు, ఇలా ఇచ్చి వెళ్లండి.