ఎక్సెల్ 2003కి ఏం తక్కువైంది?

ఆఫీసుల్లో నిర్ణయాలు రెండు రకాలు. కొత్త బ్రాంచి తెరవడం, పాత బ్రాంచి మూసేయడం, పదిమందిని బదిలీ చేయడం లాంటివి టీ చల్లారేలోపు తేలిపోతాయి. ఏసీ ఎంతలో పెట్టాలి, ఫ్యాను కింద ఎవరు కూర్చోవాలి, వర్డూ ఎక్సెలూ కొత్తవి వేయించాలా వద్దా అన్నవి మాత్రం ఏళ్ళ తరబడి నలుగుతాయి. ఇది చూసి నవ్వేవాళ్ళకి లోకజ్ఞానం తక్కువ. బ్రాంచి మూతపడితే నష్టం కంపెనీకి. ప్రింటు బటన్ చోటు మారితే నష్టం మనకి.

కాబట్టి విషయాన్ని దాని స్థాయికి తగిన గాంభీర్యంతోనే పరిశీలిద్దాం. అందుకోసం మన ఊళ్ళలో ఏ వీధిలోనైనా కనిపించే ఆఫీసు ఒకటి ఊహించుకోండి. ఒక యజమాని, ఒక హెడ్ క్లర్కు, ఒక అకౌంటెంటు, ఉత్తరాలు టైపు చేసే అమ్మాయి, ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చే కంప్యూటర్ కుర్రాడు. గోడ మీద క్యాలెండరు ఈ ఏడాదిదే. కంప్యూటర్లో మాత్రం వర్డూ ఎక్సెలూ కలిసి ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2003.

దానికి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. అదే రోజు విండోస్ ఎక్స్‌పీకి కూడా. తర్వాత 2017 అక్టోబరులో ఆఫీస్ 2007కి, 2020 అక్టోబరులో 2010కి, 2025 అక్టోబరు 14న 2016, 2019 రెండింటికీ కలిపి ఒకేసారి ఆపేసింది. కంప్యూటర్ కుర్రాడు ఈ తేదీలన్నీ చదివి, "ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావండీ" అన్నాడు.

"ఇప్పటిదాకా వచ్చాయా బాబూ?" అని అడిగారు హెడ్ క్లర్కు గారు.

కుర్రాడు మాట్లాడలేదు. ఆ కాపీ ఎక్కడిదో, ఏ సీడీలోంచి ఎక్కించారో అతనికి తెలుసు. ఎక్కించింది వాళ్ళ అన్నే.

అప్‌గ్రేడ్‌కి అసలైన, సైద్ధాంతికమైన అభ్యంతరం హెడ్ క్లర్కు గారిది. 2003 వర్డ్‌లో మెయిల్ మెర్జ్ అనేది 'టూల్స్' మెనూలో 'లెటర్స్ అండ్ మెయిలింగ్స్' లోపల ఉండేది. ఆ దారి ఆఫీసు మొత్తంలో తెలిసినవారు ఆయనొక్కరే. దీపావళికి ఖాతాదారులందరికీ పేరుపేరునా ఉత్తరం పోవాలంటే యజమాని అంతటివారు వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడాలి. నిలబడేవారు కూడా. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "చూద్దాం" అనేవారు. 2007లో మైక్రోసాఫ్ట్ ఆ మెనూలన్నీ పీకేసి రిబ్బన్ అని పైన ఒక బటన్ల పట్టీ పెట్టింది. మెయిల్ మెర్జ్‌కి ఏకంగా 'మెయిలింగ్స్' అని నెత్తిమీదే బోర్డు కట్టింది. ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా ఎవర్నీ అడక్కుండా ఉత్తరాలు కొట్టేయగలదు. దీన్ని వాడకందారుల సౌలభ్యం అంటారట. హెడ్ క్లర్కు గారు వాడకందారు కారా? పాతికేళ్ళ సర్వీసులో ఆయన కూడబెట్టుకున్న పరపతిని ఎవడో అమెరికాలో కూర్చుని అందరికీ పంచిపెడితే ఊరుకోవాలా?

పైగా చరిత్ర కూడా ఆయన పక్షానే ఉంది. అదే 2007లో 'ఫైల్' అన్న మాట మాయమై, దాని చోట ఒక మూల పేరూ ఊరూ లేని గుండ్రటి బటన్ వెలిసింది. సేవ్ ఎక్కడ, ప్రింట్ ఎక్కడ అని జనం వెతుక్కున్నారు. 2010లో 'ఫైల్' మళ్ళీ వచ్చింది. కొత్తది కొన్నవాళ్ళు మూడేళ్ళు తిరిగి తిరిగి చేరిన చోటికి, కొననివాళ్ళు కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా చేరారు. వేచి చూడటాన్ని బద్ధకం అనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

అకౌంటెంటు గారి వాదన అంకెల మీద నిలబడింది. ఎక్సెల్ 2003లో ఒక షీటుకి 65,536 వరుసలు. 2007 నుంచి 10,48,576. "మన ఖాతాదారులు 240 మంది. ఇంకా అరవై అయిదు వేల పైచిలుకు వరుసలు ఖాళీగా ఉన్నాయి. అవి అయిపోయాక చూద్దాం" అన్నారాయన. దీన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

వరుసలు నిజంగా అయిపోతే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. 2020లో కోవిడ్ పరీక్షల ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్ళలోకి, అంటే ఎక్సెల్ 2003 తరహా ఫైళ్ళలోకి లాక్కునేది. వరుసలు నిండిపోయాయి. మిగిలినవి లోపలికి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. వాళ్ళు ఎవరెవర్ని కలిశారో కనుక్కుని హెచ్చరించే పని అన్ని రోజులూ వెనకబడింది. అంత ధనిక దేశం, అంత పెద్ద మహమ్మారి, నడిపించింది మన అకౌంటెంటు గారి ఫార్మాట్. ఆ వరుసల్లో ఉన్నది సిమెంటు బస్తాల లెక్క కూడా కాదు. మన ఆఫీసులో ఈ కథ చెబితే వచ్చిన స్పందన మాత్రం వేరు: "చూశారా, ఇంగ్లండ్‌లో కూడా అదే వాడుతున్నారు!"

కొత్తది వేస్తే తప్పులు పోతాయన్న భ్రమ కూడా కొందరిలో ఉంది. వాళ్ళకోసం ఒక చిన్న మాట. 1900 లీపు సంవత్సరం కాదు. కానీ లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాం పొరపాటున దాన్ని లీపు సంవత్సరంగా లెక్కేసింది. దాని ఫైళ్ళతో పేచీ రాకూడదని ఎక్సెల్ కూడా ఆ పొరపాటునే తెలిసి తెలిసి తీసుకుంది. ఈ రోజు డబ్బు కట్టి తెచ్చుకున్న సరికొత్త ఎక్సెల్‌లో కూడా 1900 ఫిబ్రవరి 29 అనే రోజు భద్రంగా ఉంది. లోటస్ పోయింది, దాని తప్పు నిలిచింది. ఇంత సంప్రదాయ పరాయణత్వం ఉన్న సంస్థని పట్టుకుని అస్తమానం మార్పులు చేస్తుందని ఆడిపోసుకోవడం అన్యాయం.

ఇంటి నంబర్ల సంగతి మీకు తెలిసిందే. ఖాతాదారు చిరునామాలో 3-5-12 అని కొడితే ఎక్సెల్ దాన్ని 2012 మే 3గా మార్చి చూపిస్తుంది. తెలుగునాట ఇంటి నంబర్లు గీతలతోనే ఉంటాయి కాబట్టి మన ఖాతాదారుల్లో చాలామంది ఏదో ఒక తారీఖులో కాపురం ఉంటున్నారు. ఇది మన ఒక్కరి గోడు కాదు. 'మార్చ్1', 'సెప్ట్1' అనే పేర్లున్న మానవ జన్యువులను కూడా ఎక్సెల్ ఇలాగే తేదీలుగా మార్చేసేది. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చూసి చూసి, 2020లో చివరికి జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అంటే అక్కడ అప్‌గ్రేడ్ అయింది మనిషి. ఆ తర్వాత మూడేళ్ళకి, 2023లో, ఎక్సెల్‌కి ఆ అలవాటు మాన్పించే సెట్టింగు వచ్చింది. జన్యువులు తొందరపడ్డాయి. మన ఇంటి నంబర్లు పడలేదు.

ఇక యజమాని. ఆయనకి సాఫ్ట్‌వేర్‌తో పేచీ లేదు, ధరతో ఉంది. 2011లో ఆఫీస్ 365 వచ్చినప్పటి నుంచి నెలనెలా, ఏడాదికేడాది కట్టే పద్ధతి ముందుకొచ్చింది. ఒకేసారి డబ్బిచ్చి కొనుక్కునే ఆఫీస్ 2024 ఉంది గానీ, అమ్మేవాళ్ళు దాని ఊసు ఆఖర్న ఎత్తుతారు. సొంతింట్లో ఉంటున్నవాణ్ణి పిలిచి అద్దె కట్టమంటే ఎలా ఉంటుందో యజమానికి అలా ఉంది. ఆ ఇల్లు మొదట్నుంచీ ఆయనది కాకపోవడం వేరే విషయం. "ఎప్పుడూ కొనని దానికి ప్రతి ఏడాదీ కట్టమంటాడేమిటి?" అన్నది ఆయన ప్రశ్న.

పోనీ ఇదే పని చేసే లిబ్రే ఆఫీస్ అని ఉంది, పూర్తిగా ఉచితం, 2010 నుంచి నడుస్తోంది అని కుర్రాడు చెప్పాడు. యజమాని ముఖం మారిపోయింది. "ఊరికే ఇస్తున్నాడంటే అందులో ఏదో ఉంటుంది." దొంగ కాపీ మీద ఇన్నేళ్ళలో రాని అనుమానం ధర్మకాపీ మీద ఒక్క నిమిషంలో వచ్చింది. ఇందులో ఇంకో విషాదం ఉంది. హెడ్ క్లర్కు గారు కలవరించే ఆ పాత తరహా మెనూలు లిబ్రే ఆఫీస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

యజమానికి ఇంకో బెంగ ఉంది. అది మీటింగులో అనే మాట కాదు. పాత తేదీ వేసి కాగితం తయారు చేయాల్సిన అవసరం ఏ ఆఫీసుకైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని పెద్దలంటారు. అలాంటప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ పనికిరాదు. 2017లో పాకిస్తాన్‌లో అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబ ఆస్తుల కేసులో ఆయన కూతురు 2006 తేదీతో ఒక పత్రం సమర్పించారు. అది క్యాలిబ్రి ఫాంటులో ఉంది. ఆఫీస్ 2007తో జనంలోకి వచ్చిన ఫాంటు 2006 పత్రంలోకి ఎలా వచ్చిందని దర్యాప్తు బృందం అడిగింది. పరీక్ష దశలో అప్పటికే దొరికేదని అటువైపు వాదన. ప్రధాని పదవి పోయింది వేరే కారణంతో. ఆయన కూతురికి పడిన శిక్షని 2022లో హైకోర్టు కొట్టేసింది. న్యాయం సంగతి కోర్టులు చూసుకున్నాయి. మన యజమాని పట్టుకున్న సూక్ష్మం ఒక్కటే: టైమ్స్ న్యూ రోమన్ ఎవర్నీ పట్టివ్వదు.

ఖాతాల వైపు కూడా ఇదే ధోరణి నడుస్తోంది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునీ తేదీతో సహా రాసిపెట్టాలని, ఆ చిట్టాని ఆపేసే వీలుండకూడదని కేంద్రం నియమం పెట్టింది. 2021లో రావాల్సింది 2022కి, అక్కణ్ణించి 2023 ఏప్రిల్ 1కి జరిగింది. వాయిదాలు చూస్తేనే తెలుస్తుంది దేశం దాన్ని ఎంత ప్రేమగా ఎదురుచూసిందో. మన ఆఫీసు కంపెనీ కాదు కాబట్టి వర్తించదని అకౌంటెంటు గారు చెప్పాక యజమాని మంచినీళ్ళు తాగారు.

తెలుగు ఉత్తరాల దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా చిక్కన. టైపు చేసే అమ్మాయి వేళ్ళు అను ఫాంట్లకి అలవాటుపడ్డాయి. ఆ ఫాంట్లలో తెలుగు కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే 'గౌరవనీయులైన' అన్న మాట కాస్తా నోరు తిరగని గుర్తుల గుంపు అవుతుంది. 2011లో రాసిన ఉత్తరం ఒకటి కావాలంటే అందులోని మాట పట్టుకుని వెతకలేం, ఫైలు పేరు గుర్తుండాలి. ఫైళ్ళ పేర్లు 'న్యూ', 'న్యూ1', 'ఫైనల్', 'ఫైనల్ న్యూ'. ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే ఉంచే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన పేర్లతో ఉచిత ఫాంట్లే ఉన్నాయి. రాయలవారు అగ్రహారాలిచ్చి పోషించారని చెప్పుకునే కవులు ఇప్పుడు ఊరికే వచ్చి కూర్చుంటామంటున్నా మన ఆఫీసులో కుర్చీ వేసేవాడు లేడు. అదే అమ్మాయి మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో వాళ్ళమ్మకి వాట్సాప్‌లో చక్కటి యూనికోడ్ తెలుగు కొడుతూ ఉంటుంది. అది పర్సనల్. ఇది అఫీషియల్.

కృత్రిమ మేధ గురించి కూడా ఒక మాట అనుకున్నారు. ఆఫీస్ 97లో పేపర్ క్లిప్పు ఒకటి కళ్ళు తిప్పుతూ వచ్చి, "ఉత్తరం రాస్తున్నట్టున్నారే" అని పలకరించేది. జనం విసుక్కుంటే 2007లో దాన్ని తీసేశారు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వారి కృత్రిమ మేధ కోపైలట్ వచ్చి ఉత్తరం తనే రాసిపెడతానంటోంది. దానికి హెడ్ క్లర్కు గారి అభిప్రాయం సూటిగా ఉంది: "రాయడానికి అది, చదవడానికి అటువైపు ఇంకోటి. మధ్యలో మనం సంతకానికేనా?" ఆ రోజు మొత్తం మీటింగులో తెలివైన మాట అదొక్కటే. మినిట్సులో మాత్రం ఎక్కలేదు.

ఇంత నాన్చుడేమిటని అడిగేవాళ్ళకి జర్మనీలోని మ్యూనిక్ నగరాన్ని చూపించాలి. మైక్రోసాఫ్ట్ వదిలి, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ లినక్స్‌కి పోవాలని 2003లో తీర్మానించారు. మారడం పూర్తయ్యేసరికి 2013. తిరిగి విండోస్‌కే వెళ్దామని 2017లో తీర్మానించారు. 2020లో కొత్త పాలక కూటమి వచ్చి, వీలైన చోటల్లా మళ్ళీ ఓపెన్ సోర్సే అంది. జర్మన్లకే తేలని విషయాన్ని మనం శనివారం మధ్యాహ్నం ఒంటిపూట మీటింగులో తేల్చాలా?

నిజం చెప్పాలంటే ఏ ఆఫీసూ ఇది లోపల కూర్చుని తేల్చలేదు. బయటి నుంచి ఫైలు వస్తుంది, అది తేలుస్తుంది. 2007 తర్వాత కొత్త వర్డ్ తయారుచేసే డాక్స్ ఫైళ్ళు రావడం మొదలైతే, "ఓపెన్ అవ్వట్లేదండీ, పాత ఫార్మాట్‌లో పంపండి" అని కొన్నేళ్ళు నెట్టుకొచ్చారు. తర్వాత కొత్త ఫైళ్ళని పాత వర్డ్‌లో తెరిచేందుకు మైక్రోసాఫ్టే జాలిపడి ఇచ్చిన కంపాటిబిలిటీ ప్యాక్‌తో ఇంకొన్నేళ్ళు నెట్టారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్‌కి ఎక్సెల్ 2007 గానీ ఆపైది గానీ ఉండాలన్నారు. పదేళ్ళ సిద్ధాంత చర్చ ఆ ఒక్క వాక్యంతో ముగిసింది. అందరూ నిలువునా మారిపోయారా అంటే అదీ లేదు. మన ఆఫీసు రిటర్నుల కోసం ఒక్క కంప్యూటర్లో ఎక్సెల్ 2007 మాత్రం వేయించింది. దానికీ మద్దతు ఆగిపోయింది ఆ అక్టోబరులోనే.

ఈ నేపథ్యంలో మొన్నటి మీటింగులో ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇది: కొత్త సాఫ్ట్‌వేర్ విషయం పరిశీలించడానికి ముగ్గురితో ఉపసంఘం వేయడమైనది. ఉపసంఘం తన నివేదికను పాత డాక్ ఫార్మాట్‌లోనే సమర్పించవలెను. పొరపాటున డాక్స్‌లో సమర్పించినచో, ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో తెరిపించి ప్రింటు తీయించవలెను. అందుకయ్యే ఖర్చు స్టేషనరీ పద్దులో వేయవలెను. షాపువాడికి పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు అందులో వేరే ఫైళ్ళేమీ లేకుండా హెడ్ క్లర్కు గారు స్వయంగా చూసుకొనవలెను.