అవి అబార్షన్ పిండాలు కావు

మా చుట్టాల గ్రూపులో మళ్లీ అదే మెసేజ్: "పిండ మూలకణాలంటే అబార్షన్ చేసిన శిశువుల నుంచి తీసేవి. ఇన్నేళ్లలో ఒక్క రోగికీ పనికిరాలేదు. జపాన్ వాళ్లు చర్మంతోనే చేసేశారు, ఇక వాటితో పనే లేదు. మీ సొంత కొవ్వు కణాలే అసలైన వైద్యం." కింద ఓ క్లినిక్ ఫోన్ నంబరు.

అబార్షన్ మాట శుద్ధ తప్పు. 1998లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం శరీరంలో ఏ రకం కణంగానైనా మారగల ఈ కణాలను మొదటిసారి వేరుచేసి పెంచింది ఐవీఎఫ్ కోసం ల్యాబ్‌లో తయారైన పిండాల నుంచి. దంపతులు ఒప్పుకుని ఇచ్చినవి, ఏ గర్భంలోకీ వెళ్లనివి. వయసు ఐదారు రోజులు. ఆవగింజలో పదోవంతు ఉండే నీటిబుడగ, లోపల ఓ పక్కన అంటుకున్న చిన్న కణాల ముద్ద. గుండె లేదు, నరాలు లేవు. ఆ ముద్ద తీస్తే పిండం మిగలదు, నిజమే. అది తప్పనుకునేవాళ్లు ఆ మాటే సూటిగా అనొచ్చు, లేని శిశువును తెచ్చిపెట్టడం దేనికి? పైగా రోగికొక పిండం అక్కర్లేదు. అప్పుడు పెంచిన హెచ్9 అనే కణాల సంతతి ఇప్పటికీ విభజన చెందుతూనే ఉంది. పార్కిన్సన్స్ రోగుల మెదడులో పెట్టి చూసిన నాడీకణాలు, 2025లో ఫలితాలు వచ్చినవి, దాన్నుంచి పుట్టినవే.

ఒక్కరికీ పనికిరాలేదా? 2010లో మొదలైన తొలి ట్రయల్, వెన్నుపాము గాయాలది, మరుసటి ఏడాదే డబ్బు చాలక ఆగింది. ఈ మాట అక్కడే ఆగిపోయినట్టుంది. 2025లో వచ్చిన టైప్ 1 డయాబెటిస్ ఫలితాలు చూడండి. పిండ మూలకణాలను ఇన్సులిన్ తయారుచేసే కణాలుగా మార్చి, కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ఎక్కించారు. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేదు. అయితే శరీరం ఆ కణాలను తిప్పికొట్టకుండా రోజూ మందులు వేసుకోవాలి, వాటితో ఇన్ఫెక్షన్ల టెన్షన్ ఉంటుంది. ఇంకా చిన్న ట్రయలే.

జపాన్ సంగతి సగం నిజం. అక్కడి శాస్త్రవేత్త యమనకా 2006లో ఎలుక చర్మ కణాలను, మరుసటి ఏడాది మనిషివాటిని పిండ మూలకణాల్లా మార్చారు, నోబెల్ కూడా వచ్చింది. కానీ ఆ కణాలు సరిగ్గా తయారయ్యాయో లేదో తేల్చడానికి పక్కన పెట్టి చూసేది పిండ మూలకణాలనే. 2015లో జపాన్‌లోనే కంటి ట్రయల్లో రెండో రోగికి ఇలా తయారుచేసిన కణాల్లో జన్యు మార్పులు కనిపించి ఆపేశారు.

ఇక ఆ ఫోన్ నంబరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి లాంటివి తప్ప మిగతాదంతా, కొవ్వు కణాల వైద్యంతో సహా, ట్రయల్‌గానే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మోకాళ్ల నొప్పులతో మా పెదనాన్న ఫోన్ చేస్తే, రిపోర్టులు కూడా చూడకుండానే అడ్వాన్స్ పంపమన్నారు.