మంగళవారపు మంచుకోటుకు ఒక పాలమూరు లేఖ

మనాలి దగ్గర 47వ నంబరు దుకాణంలో కొక్కేనికి వేలాడుతున్న గౌరవనీయులైన అద్దె మంచుకోటు గారికి,

మహబూబ్‌నగర్ నుంచి ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తాను. తమరి జిప్పు మాత్రం క్షేమంగా లేదని నాకు తెలుసు, దాని వైద్యం ఖర్చు 300 రూపాయలను మా డిపాజిట్‌లోంచే మినహాయించుకున్నారు గనక.

నిన్న సాయంత్రం న్యూటౌన్‌లోని స్టూడియో నుంచి మనాలి ఫొటోల ప్రింట్లు తెచ్చుకున్నాం. మోకాళ్ల నొప్పుల వల్ల మాతో రాలేక ఇంటి దగ్గరే ఉండిపోయిన మా అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క ఫొటోనూ వెలుతురుకు పట్టి చూసి, చివరికి "ఇండ్ల మీ నాయిన ఎవరురా?" అని అడిగింది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని కట్టుకున్న భార్యే పోల్చుకోలేకుండా చేయగల వస్త్రం ఈ దేశంలో తమరొక్కరే అయి ఉంటారు. ఐదుగురం ఐదు ఎర్రటి గ్యాస్ సిలిండర్లలాగా వరుసగా నిలబడి ఉన్నాం. అందరి వీపుల మీదా, పశువుల సంతలో ఎద్దు తొడ మీద వేసినట్టు, తెల్లరంగుతో 47 అని వేసి ఉంది. చేతిలోని ఛత్రీని బట్టి నాన్నను కనుక్కోగలిగాం. ఎండాకాలంలో ఛత్రీ లేకుండా ఆయన గడప దాటడు.

ఫొటోల సంగతి పోనివ్వండి. నాకు మింగుడుపడనిది ఆ మంగళవారం.

మంగళవారం నాడు కొత్త పనేదీ పెట్టుకోవద్దని బయలుదేరే ముందే మా అమ్మ చెప్పింది. పిల్లలకు శాస్త్రీయ దృక్పథం గురించి పాఠం చెప్పే ఉద్యోగం కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. సికింద్రాబాద్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇరవై ఆరు గంటలు కూర్చుని, ఢిల్లీలో రాత్రి బస్సు పట్టుకుని, మలుపు మలుపుకూ మా చిన్నవాడికి ప్లాస్టిక్ సంచి అందిస్తూ మనాలి చేరి, ఒక రోజంతా పడుకుని లేచి, ఆ మంగళవారం పొద్దున్నే రోహ్‌తాంగ్ కనుమకని అద్దె బండి ఎక్కాం. ఊరు దాటీ దాటగానే, ఎవరూ అడగకముందే, డ్రైవరు బండి ఆపాడు. దారి పొడుగునా ఒకదాన్నొకటి ఆనుకుని నంబర్లు వేసుకున్న దుకాణాలు ఎన్ని ఉన్నా, అతని బండికి 47వ నంబరు ముందు తప్ప మరెక్కడా ఆగడం రాదని మాకు అప్పటికి తెలియదు.

పైన మోకాలి లోతు మంచు ఉందనీ, తమరు లేకుండా పోతే పిల్లలు కొయ్యబారిపోతారనీ దుకాణదారు హెచ్చరించాడు. నేను లెక్క వేసి చూపించాను. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుందని ఏటా తొమ్మిదో తరగతికి నేనే చెబుతాను. పాలమూరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, రోహ్‌తాంగ్ వైపు పోయే దారిలోని సోలాంగ్ లోయ దాదాపు 2,500 మీటర్ల ఎత్తున ఉంది; మా ఊళ్లో 42 డిగ్రీలుంటే అక్కడ 29 ఉండాలి, అంటే అది మాకు శ్రావణమాసం. ఈ లెక్కలో అక్షాంశాన్ని మరిచిపోయానని తర్వాత నాకే తట్టింది గానీ, అప్పటికే నా లెక్కకూ దుకాణదారు బెదిరింపుకూ మధ్య మా ఆవిడ తీర్పు చెప్పేసింది, నా ఇరవై రెండేళ్ల సర్వీసు ఓడిపోయింది.

కోటుకు 300, రబ్బరు బూట్లకు 100, మనిషికి 400 చొప్పున ఐదుగురికి 2,000 రూపాయలు, ఆపైన డిపాజిట్ వెయ్యి. ఇంతకూ తమరు చేసే ఉద్యోగమేమిటని ఆలోచిస్తే, తమరంతట తమరు రవ్వంత వేడిని కూడా పుట్టించరు. మా ఒంటి వేడి బయటికి పోకుండా, మధ్యలో ఇంత గాలిని బంధించి, పట్టి ఉంచుతారు. అంటే మా వేడినే మాకు రోజుకు 300 రూపాయల చొప్పున అద్దెకిచ్చారన్నమాట. దానితోపాటు, మాకంటే ముందు తమరిని ధరించినవారందరి చెమట వాసనను మాత్రం, న్యాయంగా చెప్పాలంటే, ఉచితంగానే ఇచ్చారు.

డబ్బు చేతులు మారి, జిప్పులు మెడల దాకా ఎక్కి, బండి మళ్లీ కదిలిన పది నిమిషాలకు డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ, రోహ్‌తాంగ్ ఇవాళ బంద్ అని, మంగళవారం కదా అని, చాలా మామూలుగా చెప్పాడు. మంగళవారాల్లో దారి మరమ్మతుల కోసం పర్యాటకుల బండ్లను పైకి పోనివ్వరట. మిగతా రోజుల్లోనైనా జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన పరిమితి ప్రకారం రోజుకు 800 పెట్రోలు బండ్లు, 400 డీజిలు బండ్లు, మొత్తం 1,200కు మించి పర్మిట్లు ఇవ్వరు, ఆ పర్మిట్ మా బండికి ఏ వారమూ లేదు. కొండను కాపాడటానికి పెట్టిన ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. తరగతిలో నేను దాన్ని మెచ్చుకుంటూ చెప్పినవాణ్నే.

కానీ అయ్యా, ఆ రోజు మంగళవారమని డ్రైవరుకు తెలుసు. దుకాణదారుకు తెలుసు, అతని వెనక గోడమీది క్యాలెండరుకు తెలుసు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమకు తెలుసు. అక్కడికి పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న మా అమ్మకు తెలుసు. వారానికి ఏడుసార్లు ఆ దారమ్మట తిరిగే తమరికి మాత్రం తెలియదా? మా చిన్నవాడి చేతులు తమరి చేతుల్లోకి దూరుతున్నప్పుడు, ఇవాళ వద్దు నాయనా అని ఒక్క కుట్టు విప్పి చెప్పలేకపోయారా? నీకు తెలుసు. అన్నీ తెలిసే మా వీపులెక్కి కూర్చున్నావు. ఇక నిన్ను తమరు అనడం నావల్ల కాదు. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండా, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కిందని పాఠం చెప్పిన ప్రతిసారీ, మరి మనం మంచు ఎప్పుడు చూస్తామని మా పెద్దమ్మాయి అడిగేది. పూర్ణ కూడా కోటే వేసుకుంది. ఆ కోటు పైకి పోయింది.

నేను డ్రైవరుతో వచ్చీరాని హిందీలో పోట్లాడుతుంటే వెనక సీట్లోంచి మా నాన్న నా భుజం తట్టాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు, మా తాలూకాలో చాలామందిలాగే, కూలీలను కూడగట్టి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పొరుగు రాష్ట్రాలకు కాలువలు తవ్వడానికి పోయినవాడు. మా ఇంట్లో పని కోసం కాకుండా చూడటం కోసం ఊరు దాటిన మొదటి ప్రయాణం ఇదేనని ఆయనే రైల్లో అన్నాడు. "ఊకో బిడ్డా, గీన గుంపు మేస్త్రి. తలకింత అని దుకాణపోడు గీనకిస్తడు. మనం కూలికి పోయినా మేస్త్రి ఉంటడు, మంచు సూడ పోయినా మేస్త్రి ఉంటడు," అన్నాడు. ఇంత స్పష్టమైన ఆర్థికశాస్త్రం మా పాఠ్యపుస్తకంలో లేదు.

కనుమ పైకి పోలేనివాళ్లం కనుమ కిందనుంచి దూరాం. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్ల పొడుగు. నెత్తిమీద మంచు, ఒంటిమీద నువ్వు, మధ్యలో మొత్తం పర్వతం ఉండగా, నీ లోపల చెమటలు కక్కుతూ మేం ఆ దూరమంతా ప్రయాణం చేశాం. అవతల లాహౌల్ లోయలో, రోడ్డు పక్కన, మా ఊరి వడ్ల కళ్లమంత మేర మంచు మిగిలి ఉంది. బండ్ల పొగ తగిలి పైన బూడిదరంగు వేసుకున్న ఆ మంచు మీద రెండు వందల మంది నీ అన్నదమ్ములను తొడుక్కుని నిలబడి ఉన్నారు. కాళ్లకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్‌కు అసలు కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా అనీ, దాన్ని మొదటి మెట్టు వరకు నేర్పడానికే మనాలిలోని పర్వతారోహణ సంస్థ రెండు వారాలు తీసుకుంటుందనీ తర్వాత తెలిసింది. మాకు దాన్ని మే నెలలో పావుగంటలో, 500 రూపాయలకు నేర్పారు. బూట్లను చెక్కలకు బిగించి, చెక్కల ముందు కొసలు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే వేగం తగ్గుతుందని, దాని పేరు మంచు నాగలి అని ఆ కుర్రవాడు చెప్పాడు. నాగలి అన్న మాట చెవిన పడగానే మా నాన్న మాత్రం చటుక్కున సరిగ్గా నిలబడ్డాడు. మోకాళ్లు వంచబోతే నువ్వు వంగనివ్వలేదు. ఆయన ముప్పై అడుగులు జారి, పక్కకు ఒరిగి, నిన్ను పరుపులాగా వేసుకుని ఆకాశం చూస్తూ కాసేపు పడుకున్నాడు. నీ జిప్పు పోయింది అక్కడే.

జడలబర్రె మీద కూర్చోబెట్టి ఫొటో తీసి, దిగడానికి వేరే డబ్బు అడిగినవాణ్నీ, రెండు గరిటెల వేడినీళ్లలో ఉడికించిన మ్యాగీకి మా ఊళ్లో బిర్యానీ ధర చెప్పినవాణ్నీ నేను క్షమించాను. వాళ్లు అమ్మిన వస్తువు కనీసం కంటికి కనిపించింది.

సాయంత్రం దుకాణదారు నీ జిప్పును ఎండకు ఎత్తిపట్టి, వజ్రాన్ని పరీక్షించినట్టు తిప్పి చూసి, 300 కోసుకుని 700 చేతిలో పెట్టాడు. ఆ జిప్పు మాకంటే ముందే సగం ఊడి ఉందని నేను వాదించాను. రుజువేమిటని అడిగాడు. రుజువు నువ్వే. నోరు విప్పలేదు.

మరునాడు బుధవారం, నువ్వు లేవు. వశిష్ఠ ఊళ్లోంచి ఆపిల్ తోటల మధ్యగా జోగినీ జలపాతానికి నడిచాం. దారి చూపుతానని వెంటపడిన ఒక గైడు పావుగంటకే వెనకబడ్డాడు, ఎందుకంటే మా నాన్న ముందు నడుస్తున్నాడు. ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు, నిప్పులు చెరిగే ఎండలో, లోయలోకి దిగి పైకెక్కి వచ్చే మనిషికి దేవదారు చెట్ల నీడలో నడక ఒక నడక కాదు. హవాయి చెప్పులతో, ఛత్రీతో, అలవాటు కొద్దీ "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ ఎక్కిపోయాడు. జలపాతం దగ్గర నీళ్ల తుంపర మొహాన పడుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. ఆ రోజు తీసిన ఫొటోల్లో అందరూ ఎవరు ఎవరో తెలుస్తున్నారు. ఇంత మంచి కొండ మాకు కనిపించకుండా, ఒక రోజు ముందు, నువ్వెందుకు అడ్డం వచ్చావో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అక్కడ బండమీద కూర్చున్నాక నాన్న లాల్చీ జేబులు తడుముకున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న వేయించిన పల్లీలు ఏవని మా చిన్నవాడు అడిగితే, నిన్నటి కోటు జేబులో పెట్టానన్నాడు. మరిచిపోయావా అన్నాను. లేదట. పొద్దున నీ జేబులో చేయి పెట్టినప్పుడు వేళ్లకు పల్లికాయ పొట్టు తగిలిందట. "మనోళ్లెవరో మనకంటే ముందుగాల్నే వొచ్చి పోయిండ్రు. చలికి తినుకుంట తిరిగిండ్రు పాపం. మళ్ల వొచ్చెటోళ్లకు ఉంటయని నేను గిన్ని పెట్టిన," అన్నాడు. ఉత్తరాదిన ఇంటింటా పల్లీలు తింటారని, ఆ పొట్టు ఏ పంజాబు వాళ్లదైనా కావచ్చని నాకు తెలుసు. సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని. ఆ మాట పైకి అనలేదు.

కాబట్టి ఓ కోటూ, నా 300 నువ్వే ఉంచుకో. నీ కుడి జేబులో, అట్టడుగున, ఒక గుప్పెడు పాలమూరు పల్లీలు ఉన్నాయి. తడి తగిలి మెత్తబడకముందే నిన్ను తొడుక్కున్న ఎవరికైనా అవి చేతికి తగిలేలా చూడు. వాళ్లు మంగళవారం నాడు వస్తే మరీ మంచిది, వాళ్లకు ఆ రోజు చేయడానికి మరో పనేమీ ఉండదు.

ఇట్లు,
డిపాజిట్‌లో 700 వెనక్కి తీసుకున్న,
పాలమూరు ఉపాధ్యాయుడు