సదరు రంగంలో నైపుణ్యం గల వ్యక్తి గారికి

మహారాజశ్రీ నైపుణ్యం గల వ్యక్తి గారి సముఖానికి, దరఖాస్తుదారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీరు కులాసాగానే ఉంటారు, అందులో నాకు సందేహం లేదు. మీరు పేటెంట్ చట్టం ఊహించుకున్న మనిషి కదా, ఏ పనైనా మీకు తేలిగ్గా తట్టేదే అనిపిస్తే దానికి పేటెంట్ ఇవ్వరు. లేని మనిషికి జలుబైనా చేయదు. మా సంగతే బాగోలేదు. మా పేటెంట్ దరఖాస్తు మీద రెండో ఎగ్జామినేషన్ రిపోర్ట్ ఇవాళ చేతికొచ్చింది. మొదటిదానికి మేం పేజీలకు పేజీలు జవాబు రాశాం, టెస్ట్ డేటా జతచేశాం, క్లెయిముల్ని, అంటే దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాల్ని, కుదించి కుదించి మాకే గుర్తుపట్టడం కష్టమయ్యేలా చేశాం. దానికి ఫలితంగా "దరఖాస్తుదారు వాదనలు పరిశీలించడమైనది, సమ్మతంగా లేవు" అని ఒక్క వాక్యం. దాని కింద మొదటి రిపోర్టే మళ్లీ ఉంది, అక్షరదోషాలతో సహా. తేదీ మాత్రం కొత్తది.

సంతకం ఎగ్జామినర్ గారిదే అయినా ప్రతి అభ్యంతరంలోనూ మీ ప్రస్తావనే ఉంది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. నైపుణ్యం గల వ్యక్తికి ఇది ఇట్టే తట్టేది. నైపుణ్యం గల వ్యక్తి ఆ రెంటినీ కలిపి చూసేవాడు. నైపుణ్యం గల వ్యక్తికి ఇది రోజువారీ పనే. ఎగ్జామినర్ గారితోనైతే వాదించొచ్చు, హియరింగ్ అడగొచ్చు. మీతో ఎలా వేగాలి? మిమ్మల్ని సాక్షిగా పిలిపించలేం, ఎదురు ప్రశ్న వేయలేం. "అయ్యా, మీకు నిజంగానే తట్టిందా?" అని ఫోన్ చేసి కనుక్కునే వీలు కూడా లేదు.

ఇన్నాళ్లుగా మా జీవితాలతో ఆడుకుంటున్నది ఎవరా అని మీ జాతకం కొంత తిరగేశాను. 1851లో అమెరికా సుప్రీంకోర్టుకి తలుపు పిడుల కేసు ఒకటి వచ్చింది. అప్పటిదాకా చెక్కతోనో లోహంతోనో చేసే పిడిని మట్టితో, పింగాణీతో చేశారు. దీనికి పేటెంట్ ఎందుకు, పని తెలిసిన మామూలు మెకానిక్ ఎవరైనా చేస్తాడు కదా అంది కోర్టు. ఆ మామూలు మెకానిక్ మీరే. మర్యాదైన ఉద్యోగం. 1972 నాటికి బ్రిటన్‌లో లార్డ్ రీడ్ గారు మీకు పెద్ద వరమే ఇచ్చారు: ఎన్ని పత్రాలైనా చదివి జీర్ణం చేసుకోగలరు, సొంతంగా మాత్రం ఆవగింజంతైనా కనిపెట్టలేరు. 2004లో అక్కడే జడ్జి జేకబ్ గారు, ఈ మనిషి నిజంగా ఉండి ఉంటే పరమ బోరు మనిషి అయి ఉండేవాడని తేల్చేశారు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కారు యాక్సిలరేటర్ పెడల్ కేసులో మీకు మామూలు పాటి సృజన కూడా ఉందని, మీరు మరమనిషి కాదని చెప్పింది. అవసరమైతే మీరు ఒక్కరుగా కాక బృందంగా కూడా ఉంటారట. తలుపు పిడులు చేసుకునే మనిషి ఇంత ఎదిగినందుకు సంతోషమే. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ మా నెత్తినే ఎక్కుతున్నారన్నదే బాధ.

ఇక అసలు సంగతి. స్టిక్కర్ ఊడదీశాక వేళ్ల మధ్య మిగిలే నున్నటి ఫిల్మ్ ఉంటుంది కదా, దాని గురించి. దాన్ని చూసి ఎవరూ రెండోసారి ఆలోచించరు. లేబుల్ వేసే ప్రతి ఫ్యాక్టరీలో అది చుట్టలు చుట్టలుగా పోగవుతుంది. మంచి పాలిస్టర్, ఇరవై ముప్ఫై మైక్రాన్ల మందం. దాని మీద సిలికోన్ పూత, సుమారుగా మైక్రాన్ లేదా అంతకంటే తక్కువ. దేనికీ అంటుకోకుండా ఉండటమే ఆ పూత ఉద్యోగం, రీసైక్లింగ్‌కి వచ్చాక కూడా అది ఆ ఉద్యోగం మానదు. అలాగే ముక్కలు చేసి కరిగిస్తే పాలిస్టర్ 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సిలికోన్ కరగదు. పలుకులు పలుకులుగా మిగిలి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది, తప్పించుకున్నది కొత్త ఫిల్మ్‌ని మసకబారుస్తుంది, దాని మీద ఇంకును నిలవనివ్వదు. టొల్యూన్ లాంటి ద్రావకంలో నానబెడితే ఉబ్బుతుందే గానీ కరగదు. గాఢమైన క్షారానికి లొంగుతుంది, నిజమే. కానీ అదే క్షారం పాలిస్టర్‌నీ తింటుంది. ఏ కత్తితో తొక్క తీయాలో ఆ కత్తే పండునీ కోసేస్తుందన్నమాట.

మేం చేసిందేమిటంటే, సిలికోన్ జోలికే పోలేదు. దాని కిందున్న పాలిస్టర్‌ని, అదీ పైపై పొరని మాత్రమే, ముక్కల అంచుల నుంచి లోపలికి క్షారాన్ని కొద్దిగా తిననిచ్చాం. కింద పట్టు పోయాక పై పూత తనంతట తనే పొరలా లేచొస్తుంది. ఆ క్షణంలో ఆపాలి. ఆపకపోతే పాలిస్టర్ కరిగి మురుగులోకి పోతుంది, ముందే ఆపితే పూత కదలదు. మా పద్ధతంతా ఆ ఆపడంలోనే ఉంది.

దీన్ని కొట్టిపారేయడానికి మీకు మాకంటే ముందు వచ్చిన మూడు పత్రాలు అందించారు, వాటికి డి1, డి2, డి3 అని పేర్లు. డి1 పాత ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీయడం గురించి. వేడి క్షారంలో ముంచితే జెలటిన్ పొర వదిలేస్తుంది, వెండి దొరుకుతుంది. చాలా పాత వ్యాపారం, అక్కడ ఫిల్మ్ ఏమైపోయినా ఎవరికీ పట్టదు. డి2 బట్టల మిల్లుల సంగతి. పాలిస్టర్ గుడ్డ మెత్తగా జారుగా రావాలని కావాలనే దాన్ని కాస్టిక్ సోడాతో తినిపించి బరువు తగ్గిస్తారు. పాలిస్టర్ పోవడమే అక్కడ లక్ష్యం. ఇక డి3 మా సరుకు గురించే. అందులో ఏముందో ఎగ్జామినర్ గారు చదవలేదనను, చదివారనీ అనలేను. సిలికోన్ పూసిన ఫిల్మ్ మిగతా సరుకుని పాడుచేస్తుంది కాబట్టి ముందే ఏరి పక్కన పడేయండి అని ఉంది.

దీని మీద మీ పేరుతో వచ్చిన మూడో పేరా: "డి3లోని సమస్యను ఎదుర్కొన్న నైపుణ్యం గల వ్యక్తి డి1ని చూసి, డి2తో కలిపి, క్లెయిమ్ 1కి చేరుకునేవాడు. అతన్ని ఆపేదేమీ లేదు. ఉష్ణోగ్రత, గాఢత, సమయం మార్చి చూసుకోవడం అతనికి మామూలు ప్రయోగమే."

ఆపేదేమీ లేదట! పక్కన పడేయండి అని రాసిన కాగితం చేతిలో పట్టుకుని, అది ఏరుకుని కడగమంటోందని అర్థం చేసుకున్న మీ మేధస్సుకి జోహార్లు. అయినా మిమ్మల్ని ఎవరూ ఆపలేదంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఈ రకం పాలిస్టర్‌ని 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు కనిపెట్టారు. దాన్ని అటూ ఇటూ సాగదీసిన ఫిల్మ్ 1950లలోనే మార్కెట్లో ఉంది. వెండి తీసేవాళ్లు, బట్టల మిల్లులవాళ్లు, లేబుల్ వాళ్లు అంతా దశాబ్దాలుగా పని చేసుకుంటున్నారు, మీరు వాళ్లందరి పుస్తకాలూ చదువుతూనే ఉన్నారు. అంత తేలికే అయితే చుట్టలు చుట్టలు పారేస్తుంటే ఏం చేస్తున్నారు? అందరికీ అవసరమై కూడా ఎవరూ తీర్చలేకపోయిన సంగతిని లెక్కలోకి తీసుకోవచ్చని 1966లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా చదివే ఉంటారు. అన్నీ చదువుతారుగా.

1984లో యూరోపియన్ పేటెంట్ ఆఫీస్ అప్పీలు బోర్డు ఇంకా సూటిగా చెప్పింది: ఆ మనిషి చేయగలిగి ఉండేవాడా అని కాదు, చేసి ఉండేవాడా అని అడగండి. ఆ కేసు గ్యాస్‌కి వేసుకునే సిమెథికోన్ మాత్ర మీద. సిమెథికోన్ అంటే మళ్లీ సిలికోనే. మీ పేరు మీద సిలికోన్ గొడవ ఇది మొదటిసారి కాదన్నమాట. జవాబు చేతికొచ్చాక వెనక్కి నడిచి ఇదేముంది అనడం చాలా హాయిగా ఉంటుంది. మా క్లెయిమ్ చదివాకే ఆ మూడు పత్రాలు వెతికారు. చదవకముందు వాటిని ఒక బల్ల మీదికి తెచ్చిన మనిషి భూమ్మీద ఒక్కరున్నారేమో చూపించండి.

చిన్నాచితకా విషయాలకు మీ సమయం తినను. డి3 తర్జుమా ఏ యంత్రం చేసిందో గానీ, అందులో పూతని "సిలికాన్ ఇసుక" అని రాసింది. మా దరఖాస్తు ఒక పద్ధతి గురించి, ఆరో పేరా మాత్రం "సదరు మిశ్రమం తాలూకు రుచి" గురించి ప్రశ్నిస్తోంది, అది ఎవరి దరఖాస్తు నుంచి తప్పిపోయి వచ్చిందో, వాళ్లు ఎంత కంగారు పడుతున్నారో పాపం. గడువు తేదీ మాత్రం నల్లటి పెద్ద అక్షరాల్లో, ఏ పొరపాటూ లేకుండా ఉంది.

ఇవన్నీ మింగేద్దును. ఐదో పేరా మింగుడు పడదు.

"క్లెయిమ్ 1లో 'పూత అంచుల వద్ద లేచే వరకు' అన్న మాట అస్పష్టం. పూత ఎప్పుడు లేచిందో నైపుణ్యం గల వ్యక్తి నిర్ణయించుకోలేడు. విపరీతమైన ప్రయోగాలు చేస్తే తప్ప అతను ఈ పద్ధతిని అమలు చేయలేడు."

అయ్యా, మూడో పేరాలో ఉన్నది మీరేనా? ఐదో పేరాలోది మీ తమ్ముడా? రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. మధ్యలో నాలుగో పేరా ఒక్కటే ఉంది, అందులో ఫీజు సంగతి తప్ప ఏమీ లేదు. ఆ నాలుగు లైన్లు దాటేలోపు మీకేమైంది? పైన మీరు ఎక్స్‌రేల వాళ్ల దగ్గర ఒక ముక్క, బట్టల వాళ్ల దగ్గర ఒక ముక్క పట్టుకుని, వద్దన్న పనిని చెయ్యమన్నట్టుగా చదువుకుని, ఉష్ణోగ్రతా సమయమూ నిద్రలో సరిచేసుకోగల మహానుభావులు. కింద చూస్తే, పూత లేచిందో లేదో చూసి చెప్పలేని అమాయకులు. పైన మామూలు ప్రయోగం, కింద విపరీతమైన ప్రయోగం. అదే క్షారం, అదే తొట్టి, అదే గడియారం! రెండుచోట్లా మీ తెలివి ఒకటే స్థాయిలో ఉండాలన్నది పేటెంట్ చట్టం చదివినవాళ్లకి తెలిసిన సంగతే. మీ తెలివికి మా నష్టమే కొలతా? మాకు పేటెంట్ రాకుండా చేయడానికి ఎంత కావాలో అంతే పెరిగి, అంతే తగ్గుతుందా?

అసలు నువ్వు ఎప్పుడైనా తొట్టి దగ్గర నిలబడ్డావా? క్షారం ఆవిరి ముక్కుకి తగిలిందా? ఒక బ్యాచ్ పూత లేవక, ఇంకో బ్యాచ్ సగం కరిగి, ఆరబెట్టడంలో తేమ 50 పీపీఎం (పది లక్షల్లో యాభై భాగాలు) దాటితే, కరిగించి వత్తే ఎక్స్‌ట్రూడర్‌లో అణువుల గొలుసులు తెగి నీళ్లలా కారిపోయిన పాలిస్టర్‌ని నువ్వెప్పుడైనా గరిటెతో గీకావా? మా ఆపరేటర్‌కి డి1 అంటే ఏమిటో తెలియదు. తొట్టి గాజు కిటికీలోంచి ఒక్కసారి చూసి "లేచింది సార్, ఆపేద్దామా" అంటాడు. ఎప్పుడూ తప్పడు. అతనికున్న కళ్లు నీకు లేవా?

మాట తూలాను. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

ఎందుకంటే మీరు పూర్తిగా లేకపోతే మాకూ కష్టమే. మా పోటీదారు ఒకాయన "ఫిల్మ్‌ను ముక్కలు చేసి, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టే పద్ధతి" అని దరఖాస్తు పెట్టినప్పుడు మిమ్మల్నే అడ్డంపెట్టి ఆపించాం. మీరు లేకపోతే కడిగిన ప్రతిసారీ ఆయనకు రాయల్టీ కట్టుకుంటూ ఉండేవాళ్లం. అప్పట్లో మీ జ్ఞానాన్ని, మీ విస్తృతమైన చదువుని పొగుడుతూ మా అటార్నీ రాసిన పేజీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను. ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి, ఇది అందరికీ తెలిసిందే, ఇది కాదు అని చెప్పాల్సిందే. చెప్పేవాడు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండకపోతే చాలు.

హియరింగ్‌కి మీరు రారని తెలుసు. అందుకే ఒకే ఒక్క మనవి. పూత లేవడం మీ కంటికి కనబడుతుందా, కనబడదా? కనబడుతుందంటే ఐదో పేరా కొట్టేయించండి. కనబడదంటే, అంత మసక చూపున్నవారు మూడు పరిశ్రమల పత్రాల్ని కలిపి చదివారంటే నమ్మలేం కాబట్టి, మూడో పేరా కొట్టేయించండి. రెండూ ఉంచాల్సిందే అంటారా, అలాగైతే మీ తమ్ముడి పేరు కూడా రికార్డుకి ఎక్కించండి. మా అటార్నీ గంటల లెక్కన బిల్లు వేస్తున్నారు, సగం మీ తమ్ముడికి పంపిస్తాం.

ఇట్లు,
దరఖాస్తుదారు